కాన్పు నొప్పుల దశలు: మంత్రసాని మాట, ఆస్పత్రి చేయి

(మన సంఘ మహిళా శాఖవారి నెలసరి సమావేశమున, చిరకాలము ప్రసూతి విభాగమున నర్సుగా పని చేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక సోదరి చేసిన ఉపన్యాస పాఠము)



ఈ విషయమును గూర్చి మాటలాడుమని మన కార్యదర్శినిగారు కోరినప్పుడు నాకు కొంత సంకోచము కలిగిన మాట నిజము. కాన్పు అనునది ఆడువారు లోపలి గదిలో మెల్లగా చెప్పుకొనవలసిన సంగతి యనియు, సభలో చెప్పదగినది కాదనియు మన పెద్దలలో ఒక అభిప్రాయము కలదు. కాని ముప్పది యొక్క సంవత్సరములు ప్రసూతి గదిలో నిలిచి పని చేసినదానను. ఆ మౌనము వలన కలిగిన కీడును కన్నులార చూచినదానను. అందుచేత సంకోచము విడిచి మాటలాడుచున్నాను. పురుషులు కూడ వచ్చినందులకు సంతోషము. భార్యను ఆస్పత్రికి తీసికొని పోవువారు మీరే కదా. మీకును ఈ సంగతులు తెలిసియుండవలెను.

ముందుగా ఒక సంగతి చెప్పెదను. ఇది 1990 దశకము చివర జరిగినది. కుప్పము వైపు పల్లెనుండి మన హోసూరు ప్రాంతమునకు కోడలై వచ్చిన పందొమ్మిదేండ్ల పిల్ల తొలి కాన్పునకు మా ఆస్పత్రిలో చేరెను. తమిళమున నాలుగు మాటలకంటె ఆమెకు రావు. ఆ దినములలో ప్రసూతి గదిలోనికి బంధువులను రానిచ్చెడివారు కారు. ఆమె మంచము ప్రక్కనున్న నర్సు తమిళ సోదరి. అనుభవము గలది, దయ గలది. గర్భాశయ ద్వారము ఇంకను పూర్తిగా విచ్చుకొనలేదు. అట్టి సమయమున బలవంతముగా ముక్కరాదు. అందుచే ఆ నర్సు “ముక్కాదేమ్మా, ముక్కాదే” అని పదే పదే హెచ్చరించుచుండెను. తమిళమున దానికి ముక్కవద్దని అర్థము. కాని నొప్పితో తల్లడిల్లుచున్న ఆ పిల్ల చెవికి “ముక్కు” అను మాట మాత్రమే అందెను. ఆ మాట మనకును ఉన్నదే. నర్సు వద్దన్నకొలదిని ఆమె మరింత ముక్కెను.

నేను రెండవ మంచము కడ పని ముగించుకొని వచ్చునప్పటికి ఒక గంట గడచినది. పిల్ల పెదవులు ఎండిపోయినవి. నన్ను చూచి, “ముక్కతానే ఉండాను కదక్కా, ఇంకా ముక్కమంటా ఉండారు, నా చేత కాలేదు” అని ఏడ్చెను. పరీక్షించి చూడగా గర్భాశయ ద్వారము వాచియుండెను. బిడ్డ ఎట్టకేలకు క్షేమముగా పుట్టెను గాని, తల్లి పడిన శ్రమ అనవసరమైన శ్రమ. ఇందు ఎవరి తప్పును లేదు. నర్సు చెప్పవలసినదే చెప్పినది. పిల్ల వినినదే చేసినది. రెండు భాషల నడుమ ఒక మాట కాలుజారినది.

మనకు తమిళము రాదా యని మీలో కొందరు అడుగవచ్చును. వచ్చును. తరతరములుగా ఇచ్చట స్థిరపడిన వారము. సంతలో తమిళమున బేరమాడుదుము, కార్యాలయములకు తమిళమున అర్జీలు వ్రాయుదుము. కాని నొప్పి తీవ్రమైనప్పుడు నాలుక తల్లి నేర్పిన మొదటి మాటలకే తిరిగి పోవును. నా ఉద్యోగ కాలములో తమిళ స్త్రీ “అమ్మా” యనియే కేక వేసినది, కన్నడ స్త్రీయు “అమ్మా” యనియే, తెలుగు స్త్రీయు “అమ్మా” యనియే. అంతవరకు ముగ్గురిదియు ఒకే భాష. ఆ తరువాతి మాట దగ్గరనే దారులు విడిపోవును.

ఆ తరువాతి మాటలు కొన్ని చూడుడు. తమిళమున “వలి” యనగా నొప్పి. మనకు వలి యనగా చలి. ఉమ్మనీటి సంచిని వారు “పనికుడం” అందురు. మన చెవికి అది ఏదో పనికి సంబంధించిన కుండవలె తోచును. మాయను వారు “నంజు” అందురు. మనకు నంజు అనగా విషము, లేదా ఒళ్ళు వాచెడు రోగము. బిడ్డ పుట్టిన తరువాత “నంజు ఇంకా రాలేదు” అని నర్సు మరియొక నర్సుతో చెప్పగా విని, తన ఒంట విషము చేరినదని గుండె దిగజారిన తెలుగు తల్లులను నేను ఎరుగుదును.

ఇక కాన్పు అనగా ఏమి, నొప్పి ఏ దశలో ఎట్లుండును అను విషయమునకు వచ్చెదను.

వైద్యులు కాన్పును మూడు దశలుగా విభజించిరి. మొదటి దశ గర్భాశయ ద్వారము విచ్చుకొనుట. రెండవది బిడ్డ బయటికి వచ్చుట. మూడవది మాయ పడుట. దాని తరువాత ఒకటి రెండు గంటల కాలమును నాలుగవ దశగా ఎంచి తల్లిని కనిపెట్టి చూచుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు.

మొదటి దశయే అన్నిటికంటె దీర్ఘమైనది. ఇందు మరల రెండు భాగములు కలవు. మొదటి భాగమున నొప్పులు దూరదూరముగా వచ్చును. నడుమునుండి పొత్తికడుపునకు చుట్టుకొని వచ్చినట్లుండును. గర్భాశయ ద్వారము మెత్తబడి, పలుచబడి, మెల్లగా 5 సెంటీమీటర్ల వరకు విచ్చుకొనును. ఇది కొందరికి కొన్ని గంటలు, కొందరికి ఒక దినమునకు మించియు పట్టవచ్చును. ఇంత కాలమని లెక్క కట్టుటకు వీలు లేదు. ఈ భాగములో భయపడవలసినది లేదు. పలుచని అన్నమో జావయో తినవచ్చును, నడవవచ్చును, వీలైనచో కునుకు తీయవచ్చును.

దొంగ నొప్పులకును నిజమైన నొప్పులకును భేదము తెలియుట అవసరము. దొంగ నొప్పులు క్రమము లేక వచ్చును. నడచినను పండుకొనినను సర్దుకొని పోవును. నిజమైన నొప్పులు క్రమముగా వచ్చును. రానురాను దగ్గర దగ్గరగాను, ఎక్కువ సేపును, ఎక్కువ బలముగాను వచ్చును. మన ఇండ్లలో జీలకర్ర కషాయము త్రాగించి చూచు అలవాటు కలదు. దానివలన కీడు లేదు. కాని నొప్పులు రావలెనని ఆముదము త్రాగించుట, ఊరి వైద్యునిచే నొప్పుల సూది వేయించుట మిక్కిలి ప్రమాదకరము. ఆ సూదిమందు ఆస్పత్రిలో చుక్క చుక్క లెక్కించి, బిడ్డ గుండె చప్పుడు వినుచు ఇచ్చెడు మందు. లెక్క తప్పినచో గర్భాశయమే చిట్లవచ్చును. బిడ్డకు ప్రాణవాయువు అందకపోవచ్చును.

5 సెంటీమీటర్లు దాటిన తరువాత రెండవ భాగము. నొప్పులు పది నిమిషములలో మూడు లేక నాలుగు వచ్చును. ఒక్కొక్కటి ఇంచుమించు ఒక నిమిషముండును. ద్వారము 10 సెంటీమీటర్లు విచ్చుకొను వరకు ఇట్లు సాగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన సూచనల ప్రకారము ఈ భాగము తొలి కాన్పులో సాధారణముగా 12 గంటలకును, మలి కాన్పులలో 10 గంటలకును మించదు. గంటకు 1 సెంటీమీటరు చొప్పున విచ్చుకొనితీరవలెనను పాత నియమము అందరికిని వర్తింపదని ఆ సూచనలే చెప్పుచున్నవి. కావున “ఇంత సేపయినను కాలేదే” యని గడియారము చూచుచు పిల్లను కంగారు పెట్టకుడు.

ఇచ్చట ఒక లెక్క మీరు జ్ఞాపకముంచుకొనవలెను. పది నిమిషములలో నాలుగు నొప్పులు, ఒక్కొక్కటి ఒక నిమిషము అనుకొందము. అనగా నొప్పి నాలుగు నిమిషములు, విరామము ఆరు నిమిషములు. ఈ లెక్కలో విరామమే ఎక్కువ. కాని భయపడిన స్త్రీ ఆ ఆరు నిమిషములును రాబోవు నొప్పిని తలచుకొనుచు బిగుసుకొని యుండును. ఆమెకు పది నిమిషములును నొప్పియే అగును. ప్రక్కన ఒకరు కూర్చుండి, “ఇదిగో తగ్గుచున్నది, ఇప్పుడు ఒళ్ళు వదులు చేయుము, ఒక గుక్క నీరు త్రాగుము” అని ఆమె భాషలో చెప్పినచో ఆ ఆరు నిమిషములు ఆమెకు దక్కును.

ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్ రీడ్ 1933లో ప్రకటించిన గ్రంథములో దీనినే వివరించెను. భయము వలన బిగువు, బిగువు వలన నొప్పి, నొప్పి వలన మరల భయము అని ఆయన వాదము. ఆయన చెప్పినదంతయు ఈనాటి వైద్యులు అంగీకరింపరు. నొప్పి కేవలము భయము వలననే కలుగునది కాదు. గర్భాశయము ముడుచుకొనుట, ద్వారము సాగుట వలన కలుగు నిజమైన నొప్పి యది. కాని భయము దానిని పెంచునని మాత్రము అందరును ఒప్పుకొందురు. భయపడినప్పుడు శరీరమున పుట్టు రసములు కాన్పును నడుపు రసమునకు అడ్డుపడును.

మొదటి దశలో మందు లేకయే నొప్పిని తగ్గించు ఉపాయములు చాల కలవు. నిలుచుట, నడచుట, మంచము పట్టె పట్టుకొని ముందుకు వంగుట మేలు చేయును. పండుకొనియుండిన స్త్రీలకంటె నిలిచి నడచిన స్త్రీలకు మొదటి దశ గంటకు పైగా తగ్గినట్లు పరిశోధనల సమీక్షలలో తేలినది. వెల్లకిల పండుకొనుట మంచిది కాదు. నిండు గర్భపు బరువు పెద్ద రక్తనాళముపై పడి బిడ్డకు రక్తప్రసారము తగ్గును. పండుకొనవలసి వచ్చినచో ప్రక్కకు తిరిగి పండుకొనవలెను. నొప్పి వచ్చినప్పుడు నడుము క్రింది భాగమును అరచేతితో గట్టిగా అదిమి పట్టుట, వేడినీటిలో తడిపి పిండిన గుడ్డను కాచుట, గోరువెచ్చని నీటితో స్నానము, ముక్కుతో నిదానముగా గాలి పీల్చి నోటితో నిదానముగా విడుచుట, ఇవన్నియు ఉపకరించును. మాటిమాటికి మూత్రవిసర్జనకు పోవలెను. నిండిన మూత్రాశయము బిడ్డ దిగుటకు అడ్డమగును.

ద్వారము పూర్తిగా విచ్చుకొను తరుణము మిక్కిలి కఠినమైనది. ఒళ్ళు వణకును, వాంతి రావచ్చును, “నా వల్ల కాదు, నన్ను ఇంటికి తీసికొని పొండి” అని స్త్రీ పలుకును. అనుభవము గల మంత్రసాని ఆ మాట వినగానే లోలోపల సంతోషించెడిది. ఏలయన బిడ్డ రాక దగ్గరపడినదని దానికి గుర్తు. కాని ఆ సంగతి ఆ స్త్రీకి తెలియదు. తాను ఓడిపోయితిననియే ఆమె తలచును. “ఇంత పిరికిదానవా, మేము కనలేదా?” అని ఆ క్షణమున గద్దించువారు ఎంత కీడు చేయుచున్నారో వారికి తెలియదు. “అయిపోవచ్చినది తల్లీ, ఇక కొంచెమే” అని చెప్పవలసిన సమయమది. ముక్కవలెనని కోరిక కలిగినను ద్వారము పూర్తిగా విచ్చుకొననిచో నోరు తెరచి చిన్న చిన్న ఊపిరులు విడుచుచు ఆ నొప్పిని దాటించవలెను. కుప్పము పిల్లకు చెప్పవలసియుండిన మాట ఇదియే.

రెండవ దశలో నొప్పి స్వభావము మారును. ఇంతవరకు భరించుటయే పని. ఇప్పుడు చేయుటకు పని దొరకును. కడుపునొప్పికి బదులు క్రింది భాగమున ఒత్తిడి, సాగుట, మంట తెలియును. తనంతట ముక్కవలెనను తలపు వచ్చినప్పుడే ముక్కవలెను. ఈ దశ తొలి కాన్పులో సాధారణముగా 3 గంటల లోపలను, మలి కాన్పులలో 2 గంటల లోపలను ముగియును. బిడ్డ తల కనబడి బయటికి వచ్చునప్పుడు నర్సు “ఆపు” అనిన వెంటనే ఆపవలెను; అట్లు ఆపినచో చిరుగుట తగ్గును. వెచ్చని తడిగుడ్డను ఆ భాగమున ఉంచుట వలన కూడ చిరుగుట తగ్గును. పైనుండి కడుపును బలముగా నొక్కుట, ప్రతి తల్లికిని విధిగా కోత వేయుట మంచి పద్ధతులు కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పినది. అవసరమైన చోట వైద్యులు కోత వేయుదురు. అది వేరు సంగతి.

బిడ్డ పుట్టినది. ఇంటివారందరును బిడ్డ చుట్టు మూగుదురు. కాని ప్రమాదము ఈ మూడవ దశలోనే పొంచియుండును. మాయ సాధారణముగా అరగంట లోపల పడును. అది పడకున్నను, పడినను గర్భాశయము గట్టిగా ముడుచుకొనకున్నను రక్తము ధారగా పోవును. అందుచేతనే బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి ఆక్సిటోసిన్ అను మందు 10 యూనిట్లు సూదిగా వేయుదురు. దీనిని 1953లో విన్సెంటు డు విన్యో అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో తయారు చేసెను. 1955లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఎన్ని లక్షల తల్లుల ప్రాణములు ఈ చిన్న సూది నిలిపినదో లెక్కించుట కష్టము. ఆరోగ్యముగా పుట్టిన బిడ్డకు బొడ్డుత్రాడును ఒక నిమిషమైనను ఆగి కత్తిరింతురు. బిడ్డను తుడిచి తల్లి ఎదపై ఉంచి, మొదటి గంటలోనే పాలు పట్టించవలెను. బిడ్డ చీకుట వలన గర్భాశయము మరింత ముడుచుకొనును.

ఆ కుప్పము పిల్ల సంగతి ఇచ్చట ముగింపవలెను. మూడేండ్ల తరువాత ఆమె రెండవ కాన్పునకు ఆస్పత్రికి రాలేదు. పుట్టింట ముసలి మంత్రసాని చేత కాన్పు చేయించుకొనెను. బిడ్డ సులభముగానే పుట్టెను. మాయ పడలేదు. రెండు గంటలు వేచి చూచి, మూడు చీరలు తడిసిన పిమ్మట జీపులో వేసికొని మా యొద్దకు తెచ్చిరి. వైద్యురాలు మాయను తీసి, రెండు సీసాల రక్తమెక్కించి బ్రతికించెను. మరునాడు నేను ఆమెను, “ఏల రాలేదమ్మా?” అని అడిగితిని. “ఆడ నా మాట ఎవురికి తెలుస్తుందక్కా? మా ఊరి అవ్వ కాడైతే చెప్పేది అర్థమవుతుంది” అనెను. నేను బదులు చెప్పలేకపోయితిని. సోదరీమణులారా, నేటికిని ఆ మాటకు నాకు బదులు దొరకలేదు. ఈనాటి నా ఉపన్యాసమే దానికి బదులనుకొనుడు.

మంత్రసాని చేతులు శుభ్రమైనవి కావు. ఆమె కడ ఆక్సిటోసిన్ లేదు, రక్తము లేదు. కాని ఆమె నోట మన మాట ఉండెను. ఆస్పత్రిలో శుభ్రమైన చేయి ఉన్నది, మందు ఉన్నది, రక్తమున్నది. మాట మాత్రము కొందరికి అందదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తమిళనాట నూటికి 99 కాన్పులకు పైగా ఆస్పత్రులలోనే జరుగుచున్నవి. ఇది గొప్ప మేలు. వెనుకకు పోవలెనని నేను చెప్పుట లేదు, ఎన్నటికిని చెప్పను. ఆస్పత్రి చేతికి మంత్రసాని మాటను తోడు చేయవలెనని మాత్రమే చెప్పుచున్నాను.

అది సాధ్యమే. తమిళనాడు ప్రభుత్వము 2004లోనే ప్రసూతి గదిలో తోడుగా ఒక స్త్రీని అనుమతించు పద్ధతిని ప్రారంభించెను. కేంద్ర ప్రభుత్వము 2016లో దేశమందలి ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో ఇట్టి తోడును అనుమతింపవచ్చునని ఉత్తరువు చేసినది. తోడుగా ఉండు స్త్రీ తాను కాన్పు అనుభవము గలదై యుండుట మేలు. అంటురోగములు లేనిదై, శుభ్రమైన బట్టలు ధరించి, కడవరకు ఉండుటకు సిద్ధపడి రావలెను. వైద్యుల పనికి అడ్డు రాకూడదు. ఇతర రోగుల జోలికి పోరాదు. మరుగు చక్కగా ఉన్న చోట భర్తను కూడ అనుమతింపవచ్చును. 17 దేశములలో 15 వేలకు పైబడిన స్త్రీలపై జరిగిన 26 పరిశోధనలను 2017లో సమీక్షించి చూడగా, ఎడతెగక తోడున్న స్త్రీలకు సహజ కాన్పులు ఎక్కువ, నొప్పి మందుల అవసరము తక్కువ, కాన్పు కాలమును కొంత తక్కువ అని తేలినది. ఏ మందును తోడు మనిషికంటె చౌక కాదు.

మందులను గూర్చి కూడ చెప్పవలెను. నొప్పికి మందు కోరుట పాపమును కాదు, పిరికితనమును కాదు. 1847లో ఎడింబరో నగరమున జేమ్సు యంగు సింప్సను అను వైద్యుడు మొదట ఈథరును, పిమ్మట క్లోరోఫారమును కాన్పులో వాడెను. నొప్పి దైవ నియమమని అప్పుడు ఆక్షేపించినవారు కలరు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫారము పీల్చిన పిమ్మట ఆ ఆక్షేపణ చాలవరకు సద్దుమణగెను. ఈనాడు వేరు మార్గములు కలవు. పెథిడీన్ వంటి సూదిమందు నొప్పిని కొంత తగ్గించును. మగతయు వికారమును కలుగవచ్చును. బిడ్డ పుట్టుటకు కొంచెము ముందుగా ఇచ్చినచో బిడ్డ ఊపిరి మందగించవచ్చును గనుక సమయము చూచి ఇత్తురు. నైట్రస్ ఆక్సైడు, ప్రాణవాయువు సగము సగము కలిపిన వాయువును తల్లి తానే పట్టుకొని పీల్చవచ్చును. నడుము క్రింది భాగమున వెన్నెముకల నడుమ సన్నని గొట్టము పెట్టి మందు పంపు ఎపిడ్యూరల్ పద్ధతి అన్నిటికంటె ఎక్కువగా నొప్పిని తగ్గించును. దానికి మత్తు వైద్యుడు ఉండవలెను, రక్తపోటు తగ్గవచ్చును, రెండవ దశ కొంత దీర్ఘము కావచ్చును. దానివలన జీవితాంతము నడుము నొప్పి వచ్చుననుటకు ఆధారము లేదు. సిజేరియను తప్పదనుటయు నిజము కాదు. మీ ఆస్పత్రిలో ఏది దొరకునో ఎనిమిదవ నెలలోనే అడిగి తెలిసికొనుడు. నొప్పులు మొదలైన తరువాత అడుగుటకు నోరు రాదు.

కొన్ని గుర్తులు కనబడినచో నొప్పుల లెక్క చూచుచు కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయవలెను, లేదా ఆస్పత్రికి పోవలెను. రక్తము పోవుట; ఉమ్మనీరు పోవుట, ముఖ్యముగా అది పచ్చగా ఉండుట; బిడ్డ కదలిక తగ్గుట; తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ; జ్వరము; 37 వారములు నిండకమునుపే నొప్పులు వచ్చుట. ముందు కాన్పు సిజేరియను అయినవారు నొప్పులు ఆరంభమైన వెంటనే పోవలెను.

చివరకు మూడు మనవులు. మొదటిది, మన ఇండ్లలో సీమంతము వైభవముగా చేయుచున్నాము, గాజులు తొడిగించుచున్నాము, పాటలు పాడుచున్నాము. ఆ సాయంకాలమే ఒక అరగంట, కాన్పు అయిన పెద్ద ముత్తైదువ ఒకతె ఆ పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని ఈ దశలను చెప్పవలెను. ముక్కు, ముక్కాదే, వలి, పనికుడం, నంజు అను ఐదు మాటలు నేర్పవలెను. ఐదు మాటలకు అయిదు నిమిషములు చాలును.

రెండవది, పుట్టిల్లు దూరమై, ఇచ్చట తోడు లేని కోడండ్లు మన వీధులలో చాలమంది కలరు. మన మహిళా శాఖలో తెలుగు, తమిళము రెండును బాగుగా మాటలాడగల సోదరీమణులు పదిమంది ముందుకు వచ్చి, వంతులవారీగా ప్రసూతి గదికి తోడు పోవుటకు పేరిచ్చినచో, వారికి కావలసిన సంగతులు నేర్పుటకు నేను సిద్ధముగా ఉన్నాను. ఆస్పత్రివారితో ముందుగా మాటలాడి, వారి అనుమతితోనే ఈ పని చేయుదము. మనము నర్సులకు పోటీగా పోవుట లేదు. వారి మాటను అందించుటకు పోవుచున్నాము. నాతో పని చేసిన తమిళ సోదరీమణులు ఎన్నో మారులు, “అక్కా, మీరు ఉంటే మా పని సగమవుతుంది” అని తమ భాషలో అనిన మాట నేను మరువలేదు.

మూడవది అందరికిని. నొప్పులు పడుచున్న స్త్రీని గద్దింపకుడు. ఓర్చుకొనుమని మాత్రము చెప్పి ఊరకుండకుడు. ఏమి జరుగుచున్నదో, ఇంకను ఎంత ఉన్నదో చెప్పుడు. గడవవలసిన దారి తెలిసినవారికి దూరము తగ్గకున్నను నడక తేలికయగును.

సమావేశము ముగిసిన తరువాత నేను ఇచ్చటనే ఈ బల్ల యొద్ద కూర్చుండెదను. పేర్లు వ్రాసికొనుటకు పుస్తకము తెచ్చితిని. మొదటి పేరు నాది వ్రాసితిని. తక్కిన తొమ్మిది మీరు నింపుదురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాను.